ఓడ గదిలో ఫ్రిజ్జు ఖాళీ చేస్తే

బయలుదేరిన రోజు ఉదయం అమ్మ పెరుగు డబ్బా మూతకి రెండు రబ్బరు బ్యాండ్లు వేసింది. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. నాలుగు ఎండు మిరపకాయల్ని కాగితంలో చుట్టి డబ్బా పక్కన పెట్టింది. "తోడు పాడైపోతే తొడిమలెయ్యి. గోరువెచ్చటి పాలల్లో తోడుకుంటాది" అంది. ఓడలో గోరువెచ్చటి పాలు ఎక్కడ దొరుకుతాయని నేను అడగలేదు. అప్పటికే రిక్షా గుమ్మంలోకి వచ్చేసింది.

ఇది మేము కోరుకున్న ప్రయాణం కాదు. రాయ్‌పూర్ నుంచి అభన్‌పూర్ వెళ్లే రోడ్డు మీద మాకు సిమెంటు దుకాణం ఉంది. తాతగారు రైల్వే ఉద్యోగం మీద శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్న ఉద్యోగం వద్దనుకుని దుకాణం పెట్టారు. తొంభై ఎనిమిదిలో అనుకున్న దానికన్నా ఎక్కువ బస్తాలు అమ్మిన పన్నెండు దుకాణాల వాళ్లకి సిమెంటు కంపెనీ సింగపూర్ యాత్ర బహుమతిగా ఇచ్చింది. ఇద్దరికి టికెట్లు, మూడు రాత్రులు ఓడలో. అమ్మ రానంది. "ఆరంగ్ దాటేక మహానది వంతెన మీదే కళ్లు మూసుకుంటాను నేను. అమ్మాయిని తీసుకెళ్లండి, కాన్వెంటు ఇంగ్లీషుంది" అంది. పన్నెండేళ్లు సిస్టర్ల దగ్గర చదివాను. ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు. నలుగురు చూస్తుండగా మాట్లాడడం వేరే విద్య, అది నాకు రాలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు పాస్‌పోర్టు పని ముందే మొదలుపెట్టండి. మన దరఖాస్తులు భోపాల్ వెళ్లాలి. మాకు రెండున్నర నెలలు పట్టింది. రాయ్‌పూర్ నుంచి హౌరాకి రైలులో ఒక పగలూ ఒక సాయంత్రమూ. పొద్దున ఎక్కితే రాత్రి భోజనం వేళకి దిగాం. స్టేషన్ బయట పసుపుపచ్చ టాక్సీ అతను విమానాశ్రయానికి రెండు వందలు అడిగాడు. నాన్న నూటయాభై అన్నారు. "దాదా, బ్రిడ్జి జామ్ మే ఆప్ ఉతర్‌కే ధక్కా దేంగే తో డేఢ్ సౌ" అన్నాడతను. వంతెన మీద బండి ఆగితే దిగి తోస్తామంటే నూటయాభైకి వస్తాడట. నాన్న నవ్వి రెండు వందలూ ఇచ్చారు. విమానం నాలుగు గంటలు. మర్నాడు సింగపూర్‌లో పగలంతా బస్సులో తిప్పి, నాలుగింటికి ఓడ ఎక్కించారు.

గది చిన్నది. రెండు మంచాలు, ఒక గుండ్రటి కిటికీ, అద్దం బల్ల కింద పెట్టెంత ఫ్రిజ్జు. లోపల చిన్న విస్కీ సీసాలు రెండు, బీరు డబ్బాలు రెండు, కోలా డబ్బాలు రెండు, ఒక బాదం పొట్లం. తలుపు లోపలి వైపు ధరల కార్డు. విస్కీ తొమ్మిది డాలర్లు, బీరు ఏడు, కోలా మూడు, బాదం అయిదు. సింగపూర్ డాలరు అప్పుడు ఇరవై అయిదు రూపాయలు. తాగితేనే డబ్బు అని కార్డులో ఉంది. మేము తాగం. నేను అంతవరకే ఆలోచించాను.

నాన్నకి పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టు కాదు. ఓడలో పెట్టే పెరుగు తియ్యగా ఉంటుందని కిందటేడు వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు. అందుకే అమ్మ తోడుతో పాటు మూడు గిన్నెల క్యారియరు కూడా ఇచ్చింది. ఆ క్యారియరు ఫ్రిజ్జులో పట్టాలంటే లోపలివన్నీ తీసేయాలి, మధ్య అర కూడా తీసేయాలి. నాన్న డెక్కు మీద ఉండగానే తీసేశాను. ఏడు వస్తువులనీ తువ్వాల్లో చుట్టి నా పెట్టెలో బట్టల కింద పెట్టి, తాళం వేశాను. తాళంచెవి పర్సులో వేసుకున్నాను.

కలకత్తా వేడికి తోడు నిజంగానే పాడైంది. భోజనాల హాల్లో టీ బల్ల దగ్గర వేడి పాలు ఉన్నాయి. ఫ్లాస్కులో పట్టి తెచ్చి, చల్లార్చి, మిరప తొడిమలు వేశాను. తెల్లారేసరికి పెరుగు తోడుకుంది. కొంచెం జారుగా ఉంది, కాని పెరుగే.

మొదటి రోజు భోజనాల దగ్గర అందరూ గ్లాసులు పట్టుకున్నారు. మమ్మల్ని తీసుకెళ్లిన కంపెనీ ఆఫీసరు తివారీగారు నాన్నని అడగకుండానే "రావు సాబ్ కే లియే నింబూ పానీ" అని చెప్పారు. ధర్సీవా దుకాణం సాహూగారు తన గ్లాసు ఎత్తి, "రావ్ భయ్యా, ఇత్నా పానీ మత్ మిలావ్, మాల్ పకడేగా నహీ" అన్నారు. సిమెంటులో నీళ్లెక్కువైతే పట్టదు కదా. బల్లంతా నవ్వింది. నాన్న కూడా నవ్వారు. నిమ్మరసం తాగి గదికి వచ్చేశారు. మర్నాటి నుంచి గదిలో పెరుగన్నం తిన్నారు.

రెండో రోజు పదింటికి గదులు శుభ్రం చేసే ఆయన తలుపు తట్టాడు. మంగుళూరు మనిషి, పేరు విల్ఫ్రెడ్, హిందీ బాగా మాట్లాడతాడు. "కుఛ్ చాహియే మేడమ్?" అన్నాడు. ఏమీ వద్దని పుస్తకం తీసుకుని డెక్కు మీదకి వెళ్లిపోయాను. తిరిగి వచ్చి చూస్తే ఫ్రిజ్జులో క్యారియరుని ఒక మూలకి జరిపి, మళ్లీ ఏడు వస్తువులూ పెట్టి ఉన్నాయి.

నాన్న వెనక నుంచి చూశారు. "ఇదేటమ్మా, మళ్లీ పెట్టీసినారు?"

"రోజూ పెడతారేమో నాన్నా."

"మర్యాదలు ఎక్కువలాగున్నాయి ఈళ్లకి" అని కిటికీ వైపు వెళ్లిపోయారు.

ఫ్రిజ్జు తలుపు సరిగా పడడం లేదు. మళ్లీ ఏడూ తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ రోజు పెనాంగ్‌లో దిగాం. అక్కడి డబ్బులో బస్సుకి ఒక్కొక్కరికి ఒక రింగిట్ లోపే, కొండ మీదకి వెళ్లే చిన్న రైలుకి నాలుగు. సాయంత్రం అయిదింటికల్లా ఓడ దగ్గర ఉండాలి, ఎవరి కోసమూ ఆగదు. మూడో రోజు ఉదయం విల్ఫ్రెడ్ వచ్చాడు, అడిగాడు. నేను వద్దన్నాను, పుస్తకం పట్టుకుని వెళ్లాను. తిరిగొచ్చేసరికి మళ్లీ ఏడు. మళ్లీ తీశాను. అతన్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

నాలుగో రోజు ఉదయం ఏడింటికి తలుపు కింద నుంచి ఒక కాగితం జారింది. పైన గది నంబరు, నాన్న పేరు. కింద రెండుసార్లు నింపిన పద్నాలుగు వస్తువులు వరుసగా. విస్కీ నాలుగు, బీరు నాలుగు, కోలా నాలుగు, బాదం రెండు. ఎనభై ఆరు డాలర్లు. అంటే రెండు వేల నూటయాభై రూపాయలు.

డబ్బు ఎక్కువే, కాని నాకు భయం వేసింది దానికి కాదు. తొమ్మిదింటికి అందరూ కింద హాల్లో కలవాలి. తివారీగారు పన్నెండు గదుల కాగితాలూ తీసుకుని, ఒక్కొక్కటీ పైకి చదివి సంతకం పెట్టిస్తానని ముందు రోజే చెప్పారు. రావు సాబ్, విస్కీ చార్. సాహూగారు వింటారు. మేము రాయ్‌పూర్ స్టేషన్‌లో దిగేసరికి ఆ మాట మా కన్నా ముందు దిగుతుంది. అమ్మ దగ్గరికి చేరుతుంది.

నాన్న పడుకునే ఉన్నారు. పెట్టె తాళం చప్పుడు కాకుండా తీసి, నేల మీద కూర్చుని లెక్కపెట్టాను. ప్రతి మూతా తిప్పి చూశాను. ఒక్క సీలూ తెగలేదు. తల ఎత్తేసరికి నాన్న కళ్లు తెరిచి నన్నే చూస్తున్నారు.

"సరిపోయాయేటి?" అన్నారు.

"ఇరవై ఒకటి ఉండాలి. ఇరవై ఉన్నాయి."

ఆయన లేచి కూర్చున్నారు.

"ఒక బాదం పొట్లం నేను తిన్నాను నాన్నా. రెండో రోజు."

కాగితం ఆయనకి ఇచ్చి, ఏం జరిగిందో అర్థమైనంతవరకు చెప్పాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచారు. పెట్టెకి వేలాడుతున్న తాళం వైపు చూశారు. "కౌంటరు కాడ నువ్వే మాట్లాడాలమ్మా. నాకు ఆ ఇంగ్లీషు రాదు" అన్నారు.

మాట్లాడలేనని నాకు తెలుసు. అందుకని బల్ల మీద ఓడ బొమ్మ ఉన్న కాగితం తీసి ఉత్తరం రాశాను. స్కూల్లో సెలవు చీటీ రాసినట్టే, గౌరవనీయులైన మేడమ్‌కి అని మొదలుపెట్టి, తమ విధేయురాలు అని ముగించాను. ఎనిమిదింబావుకి కిందికి వెళ్తే కౌంటరు ముందు అప్పటికే వరుస ఉంది. నేను నిలబడ్డాక నా వెనక తివారీగారు, ఆయన వెనక మా వాళ్లు నలుగురు చేరారు. నా వంతు వచ్చాక బిల్లూ ఉత్తరమూ కలిపి ఇచ్చాను. కౌంటరులో ఉన్న మలేషియా ఆవిడ పూర్తిగా చదివింది.

"చేతిరాత చాలా బాగుంది మిస్. కాని ఫ్రిజ్జులో వస్తువు లేకపోతే వాడినట్టే రాస్తాం. ఆ సీసాలు ఎక్కడ ఉన్నాయి?"

గదిలో ఉన్నాయని చెప్పాలి. నోరు తెరిచాను. వెనక తివారీగారు "క్యా హువా బిటియా? కోయీ ప్రాబ్లమ్?" అంటూ బిల్లు వైపు మెడ చాచారు. నేను బిల్లుకి అడ్డంగా జరిగాను.

అప్పుడు చప్పుడు వినిపించింది. గాజు గాజుకి తగిలే చప్పుడు. నాన్న మెట్లు దిగి వస్తున్నారు. చేతిలో అమ్మ ఇచ్చిన నైలాన్ బుట్ట. ఇరవై వస్తువులూ అందులోనే ఉన్నాయి, పైన తువ్వాలు కూడా లేదు.

"అరే రావు సాబ్!" అన్నారు సాహూగారు వరుసలో నుంచి. "సిమెంట్ ఛోడ్‌కే యే దుకాన్ కబ్ ఖోలీ?"

"అభీ ఖోలీ. అభీ బంద్ భీ కర్ రహా హూఁ" అన్నారు నాన్న. సిమెంటు వదిలి ఈ కొట్టు ఎప్పుడు తెరిచావంటే, ఇప్పుడే తెరిచాను, ఇప్పుడే మూసేస్తున్నాను అని.

బుట్ట కౌంటరు మీద పెట్టి ఒక్కొక్క సీసా తీశారు. పేరు ముందుకి తిరిగేలా, మూత పైకి కనిపించేలా వరుసగా నిలబెట్టారు. దుకాణంలో రంగు డబ్బాలు సర్దినట్టే. ఆరు విస్కీ, ఆరు బీరు, ఆరు కోలా, రెండు బాదం. తొందరపడలేదు. చేతులు వణకలేదు, నేను చూశాను. "గిన్ లీజియే. ఏక్ భీ ఖులా నహీ హై" అన్నారు. ఒక్కటీ తెరవలేదు, లెక్కపెట్టుకోమని హిందీలోనే అన్నారు. ఆవిడకి హిందీ రాదు, అయినా లెక్కపెట్టింది. నేను అప్పుడు ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పగలిగాను. ఫ్రిజ్జులో మా పెరుగు పెట్టుకోవడానికి ఇవి తీశాం, ఒక బాదం పొట్లం నేను తిన్నాను, దానికి డబ్బు ఇస్తాం.

"పెరుగా?" అంది ఆవిడ.

"పెరుగు" అన్నాను.

విల్ఫ్రెడ్‌ని పిలిపించారు. అతను సీసాలు చూసి తల పట్టుకున్నాడు. "మేడమ్, మై తో సోచా, ఇత్నే శాంత్ లోగ్, ఔర్ రోజ్ పూరా ఫ్రిజ్ ఖాలీ! ఏక్ బార్ బోల్ దేతే, మై ఖుద్ నికాల్‌కే తాలా లగా దేతా." ఇంత నెమ్మదైన మనుషులు రోజూ ఫ్రిజ్జంతా ఖాళీ చేస్తున్నారేమిటా అనుకున్నాడట, ఒక్క మాట చెప్పి ఉంటే తనే అన్నీ తీసి తాళం వేసేవాడట. వరుసలో అందరూ నవ్వారు. తివారీగారు అందరికన్నా గట్టిగా నవ్వారు. పదమూడు వస్తువులు కొట్టేసి, ఆవిడ కొత్త కాగితం ఇచ్చింది. ఒక బాదం, అయిదు డాలర్లు. తొమ్మిదింటికి హాల్లో తివారీగారు మా గది కాగితం చదివినప్పుడు ఎవరూ తల కూడా తిప్పలేదు.

ఇంటికి వచ్చాక చాలాసార్లు ఆలోచించాను. ఆ ఓడలో ఎవరూ మమ్మల్ని మోసం చెయ్యలేదు. విల్ఫ్రెడ్ తన పని తను చేశాడు. ఖాళీ కనిపిస్తే రాయడం, నింపడం. నేను నా పని నేను చేశాను. నిండుగా కనిపిస్తే తీయడం, దాచడం. ఒకరినొకరు ఒక్క మాట అడగకుండా ఇద్దరం మూడు రోజులు శ్రద్ధగా పని చేశాం. ఇంగ్లీషు రాక కాదు, అతను హిందీలోనే అడిగాడు. అడిగించుకుని కూడా చెప్పకపోవడం నా అలవాటు. దాని ఖర్చు నాన్న మీద పడబోయింది.

మీలో ఎవరైనా ఇలాంటి ఓడ ఎక్కితే ఒక్క పని చేయండి. గదిలోకి వెళ్లిన గంటలోపే పనివాళ్లని పిలిచి, ఫ్రిజ్జులో ఉన్నవన్నీ వాళ్ల చేతే తీయించి, ఖాళీ చేశామని కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. బిల్లు చివరి ఉదయం వరకు ఆగకుండా ముందు రోజు మధ్యాహ్నమే కౌంటరులో అడిగి చూసుకోండి, అప్పుడు వరుస ఉండదు. పెరుగు తోడు పాడైతే మిరప తొడిమలు నిజంగానే పని చేస్తాయి.

ఇది రాసి నాన్నకి ఇచ్చాను. దుకాణంలో బస్తాల మీద కూర్చుని చదివారు. "ఒక మాట వదిలీసినావు. అది కూడా రాయమ్మా, పరవాలేదు" అన్నారు. ఆ ఓడ ఎక్కేనాటికి నాన్న తాగడం మానేసి మూడేళ్ల నాలుగు నెలలు.