అమీర్‌పేటలో మునిగిన పడవ

2023 శ్రావణ మాసం. పంజాగుట్టలో పెద్దాసుపత్రుల వెనక సందులో నా ఆఫీసు. మాది ఓడీసీ పని. అంటే పొడుగో వెడల్పో ఎక్కువై మామూలు లారీలో పట్టని సరుకుని రోడ్డు మీద క్షేమంగా దాటించడం. బాయిలర్లు దాటించాను, ధ్వజస్తంభాలు దాటించాను, ఒకసారి ఓ ఫంక్షన్ హాలు వారి సిమెంటు ఏనుగుని కూడా దాటించాను. పడవ మాత్రం అదే మొదటిసారి.

పడవ తెచ్చిపెట్టిన మనిషి రమణ గారు. నరసాపురం వైపు నుంచి వచ్చి, అమీర్‌పేటలో కర్రీ పాయింట్ పెట్టి, హాస్టల్ పిల్లలకి పప్పూ పులుసూ అమ్మి పైకొచ్చాడు. సాగర్ జలాశయంలో జనాన్ని తిప్పుదామని బాలానగర్ షెడ్డులో ముప్పై అడుగుల ఫైబర్ పడవ చేయించాడు. దాన్ని తన కొత్త పికప్‌కి తగిలించి తనే లాక్కెళ్తాడట. నేను ట్రైలర్ ఒక్కటి అద్దెకిస్తే చాలట.

"మా బండి ఏనుగండీ యాదగిరి గారూ. కొండనైనా లాగుద్ది."

"గుంజుతది సార్, కాదన్ననా? ఆపుతదా, అది చెప్పుండ్రి."

"ఆపడానికేముందండీ? బ్రేకు తొక్కితే అదే ఆగుద్ది."

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నా దగ్గరకొచ్చే ప్రతివాడూ లాగడం గురించే అడుగుతాడు, ఆపడం దేవుడి పని అనుకుంటాడు. కూచోబెట్టి చెప్పాను. పికప్ వెనక కట్టే ట్రైలర్లకి ఉండేది ఓవర్‌రన్ బ్రేకు. ముందు బండి ఆగితే ట్రైలర్ వచ్చి కొక్కేన్ని తోస్తుంది, ఆ తోపుకే దాని బ్రేకు పడుతుంది. అంటే ముందు తోస్తుంది, తర్వాత ఆగుతుంది. చిన్న బరువుకి పర్లేదు. ఇంత పడవకి మాత్రం ఎయిర్ బ్రేకులున్న ఆరు చక్రాల ట్రక్కు కావాలి. ట్రక్కులోని గాలి గొట్టాల గుండా ట్రైలర్ చక్రాలకీ పోతుంది కాబట్టి పెడల్ తొక్కగానే రెండూ కలిసి ఆగుతాయి. గొట్టం ఊడినా ట్రైలర్ దానంతటదే బిగుసుకుంటుంది.

రమణ గారి మొహం వాడిపోయింది. ఖర్చు గురించి కాదు. సొంత బండితో సొంత పడవని అమీర్‌పేట నడిబొడ్డున లాక్కెళ్తుంటే తోటి దుకాణాలవాళ్లు చూడాలని ఆయన ముచ్చట. చివరికి రాజీ కుదిరింది. ట్రక్కు మాది, ముందు ఎర్రజెండాలతో దారి చూపే పైలట్ బండి ఆయన పికప్. అందులో ఆయనా, వాళ్లమ్మ మంగమ్మ గారూ.

మంగమ్మ గారిది ఇంకో పట్టుదల. "ఈ పడవని కొన్నది మా గోంగూర పప్పు బాబూ. పూజ దాని ముందే జరగాలి," అంది. సరేనన్నాను. పడవని షెడ్డు నుంచి తెచ్చి కర్రీ పాయింట్ పక్క ఖాళీ స్థలంలో నిలిపాం. దారిలో బ్రేకులు చూశాను, వెన్నలా పడ్డాయి. సాయంత్రం పడవ మీద కప్పిన పట్టా తీసి, నిచ్చెన వేసి, లోపల పసుపూ కుంకుమా పూలూ పెట్టి పూజ చేశారు. హాస్టల్ బాల్కనీల నిండా ఫోన్లే. ఆ రాత్రంతా కుండపోత వాన.

తెల్లవారుజామున టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి కదిలాం. మా డ్రైవర్ ఖాజా పక్కన నేను కూచున్నాను.

"అన్నా, బండి జర భారంగ లేస్తుంది. నిన్న గిట్ల లేకుండె," అన్నాడు ఖాజా.

"ఫ్లైఓవర్ ఎక్కకముందే ఆపి చూద్దం. మెల్లగ పోనీ."

పైలట్ బండి ఎక్కడా ఆగకూడదని రమణ గారికి చెప్పే ఉంచాను. కానీ అద్దంలో తన వెనకే వస్తున్న పడవని చూసేసరికి ఆయనకి వాట్సాప్ స్టేటస్ గుర్తొచ్చింది. రోడ్డు మధ్యలో పికప్ ఆపి, దిగి, ఫోన్ ఎత్తాడు. వెనక సీట్లో మంగమ్మ గారు కిటికీలోంచి మాకు చెయ్యి ఊపుతోంది.

ఖాజా బ్రేకు తొక్కాడు. ట్రక్కుకీ ట్రైలర్‌కీ బ్రేకులు కలిసే పట్టాయి. హమ్మయ్య అనుకునేలోగా వెనక నుంచి ఒక్క తోపు. తడి రోడ్డు మీద బండి ముందుకి జారింది. వెనక్కి లాగింది, మళ్లీ తోసింది.

"ఎనకనుంచి ఎవడో నూకుతుండన్నా!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ముందు మంగమ్మ గారు, వెనక ఏముందో తెలీదు. బండి ఆగింది. మా బంపర్‌కీ ఆవిడ సీటుకీ మధ్య స్కూటర్ కూడా పట్టదు.

"ఏంటి బాబూ, అంత తొందరా?" అంది ఆవిడ, తల బయటికి పెట్టి.

రమణ గారిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తిట్టడం అయ్యాక నిచ్చెన ఎక్కి పట్టా లేపాను. లోపల చెరువు! బంతిపూలు, కొబ్బరి చిప్ప, అరటిపళ్లు హాయిగా తేలుతున్నాయి. పూజయ్యాక పట్టా వదులుగా కట్టారు. వాన పడింది పడ్డట్టు లోపలికి చేరింది. పడవ బరువుకి తోడు టన్నుల నీళ్లు. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, నీళ్లు ఆగవు. పరుగెత్తుకొచ్చి పడవ ముందు గోడని గుద్దుతాయి. వెనకనుంచి తోసిందెవరో అప్పుడర్థమైంది.

అసలు అన్ని నీళ్లు నిలవకూడదు. పడవ అడుగున డ్రెయిన్ ప్లగ్ అని ఒక బిరడా ఉంటుంది. నేల మీద ఉన్నంతసేపూ అది తీసి ఉంచాలి. షెడ్డులోనే నేను దాన్ని తీసి పడవ లోపల పెట్టాను. ఇప్పుడది పసుపు గుడ్డ చుట్టుకుని రంధ్రంలో గట్టిగా బిగుసుకుని ఉంది.

"నేనే పెట్టా," అంది మంగమ్మ గారు. "మా నాన్న గోదారిలో పడవ నడిపేవాడు. చిల్లున్న పడవకి హారతిస్తారా ఎక్కడైనా?"

"అది నీళ్లల్ల మాట అమ్మా. నేల మీద ఆ చిల్లే మనకు రక్ష."

ఆవిడ పకపకా నవ్వింది. "నీళ్లలో మునిగిన పడవల్ని చూశాను గానీ, అమీర్‌పేటలో మునిగిన పడవని ఇదే చూడ్డం!"

అందరం నవ్వాం, రమణ గారు తప్ప. ఆయన ట్రక్కు బంపర్‌నీ, తల్లి సీటునీ మార్చి మార్చి చూస్తున్నాడు. "పికప్‌తోనే లాగుంటే అమ్మా నేనూ..." అని ఆగిపోయాడు. ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

బిరడా లాగితే నీళ్లు ధారకట్టాయి. పూలన్నీ అడుగున చేరాయి. పడవని నీళ్లలో దింపడానికి పెట్టుకున్న ముహూర్తం దాటిపోయింది. "పోనీలే," అంది మంగమ్మ గారు, బిరడాని కొంగున ముడేసుకుంటూ. సాగర్ ఒడ్డున పడవ నీళ్లలోకి దిగబోయే ముందు ఆ ముడి విప్పి, "ఇప్పుడు పెట్టరా," అని కొడుకు చేతికిచ్చింది. పడవ దర్జాగా తేలింది. మొదటి ట్రిప్పులో ఆవిడ పక్కన నన్ను కూచోబెట్టారు. ఈత రానివాణ్ణి, రెయిలింగ్ వదిలితే ఒట్టు.

కాగితం మీద రాసుకున్న బరువు నిన్నటిదని, బ్రేకులు మాత్రం రేపటి బరువుకి చూసుకోవాలని ఆ పడవే నాకు నేర్పింది. ఇంకోటి కూడా నేర్పింది. మొన్న ఓ కుర్రాడు పడవ లాగించాలని ఆఫీసుకొచ్చాడు. ఏ ట్రక్కు పెడదాం సార్ అన్నాడు.

"అది తర్వాత. మన ట్రక్కు ముంగట పోయే బండిల ఎవరుంటరు?"

"రోడ్డన్నాక ఎవరో ఒకరుంటారు కదా సార్."

"ఆ ఎవరో మీ అమ్మే అనుకో బాబూ. ఇగ లెక్క మొదలుపెడదం."