అంచనా గడి, ఆశ గడి

ఇది ఒక ఇతిహాసం. ఇందులో యుద్ధం ఉంది, రాయబారం ఉంది, ఒక మరణం ఉంది, చివర్లో శిరోముండనం కూడా ఉంది. చదివేవాళ్లు కాళ్లు చాపుకొని కూర్చోవచ్చు అని మొదలుపెడదామనుకున్నాను. తీరా చూస్తే ఇది నా పదో తరగతి ప్రోగ్రెస్ కార్డులో రెండు గడుల సంగతి. యుద్ధమంటే లెక్కల పేపరు. రాయబారానికి వెళ్లింది మా నాన్న, అదీ లూనా మీద.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అనకాపల్లిలో మా కాన్వెంటువాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. అర్ధ సంవత్సర పరీక్షల కార్డులో వచ్చిన మార్కుల పక్కన కొత్తగా రెండు గడులు అచ్చు వేయించారు. ఒకటి ఎక్స్‌పెక్టెడ్, రెండోది టార్గెట్. ఆరొందలకి నా ఎక్స్‌పెక్టెడ్ మూడొందల నలభై, టార్గెట్ ఐదొందలు. ఆ రెండింటి మధ్య నూట అరవై మార్కుల ఖాళీ ఉంది. అందులో నేను హాయిగా బతుకుతున్నాను.

కార్డు మీద సంతకం పెట్టడానికి నాన్నను బడికి రమ్మన్నారు. నాన్న చెరకు రైతు. పొలంలోనే బెల్లం వండి, దిమ్మలు బండికెత్తించి, వెనకాలే తను లూనా మీద అనకాపల్లి మార్కెట్టుకి వచ్చేవాడు. ఆ రోజు కూడా సరుకు దింపి నేరుగా వచ్చాడు. చొక్కాకి పాకం వాసన. హెడ్మాస్టారి గదిలోకి ఆయనకన్నా ముందు ఈగలు వెళ్లాయి.

"ఈ రెండు గడులూ ఏటండీ మాస్టారూ?"

"ఇదిగో, ఇది ఎక్స్‌పెక్టెడ్. మీవాడు ఇలాగే చదివితే పబ్లిక్‌లో ఇంత వస్తుందని మా అంచనా. ఇది టార్గెట్. ఇంత రావాలని మా ఆశ."

నాన్న కార్డుని కాసేపు చూశాడు. మార్కెట్ యార్డులో వర్తకుడు దిమ్మ రంగు చూసి ఒక రేటు అంటాడు. రైతు ఇంకో రేటు అంటాడు. మధ్యలో ఎక్కడో ఖాయమవుతుంది. మొదట అన్న రేటుకి సరుకు ఇచ్చేసేవాణ్ని మావాళ్లు రైతు కింద లెక్కెయ్యరు. కాగితం మీద రెండు అంకెలు పక్కపక్కన కనిపించేసరికి నాన్నకి ఇదీ అదేననిపించింది.

"ఐదొందలు మరీ ఎక్కువండి. నేనడగను. మీ మూడొందల నలభై మరీ తక్కువ. మజ్జలో సూసి ఖాయం సెయ్యండి."

"ఇది బేరం కాదండీ బాబూ!"

"కాదని నాకూ తెలుసు. ఫస్టు క్లాసుకి ఎంతుండాలండి?"

"మూడొందల అరవై."

"అరవై రాసియ్యండి. ఇరవై కోసం ఇంతసేపేటండి? సరుకు సూడండోపాలి. రంగు లేదు గానీ గట్టి దిమ్మే."

సరుకు అంటే నేను. నేను తలొంచుకొని గట్టిగా నిలబడ్డాను.

ఈగల వల్లో, బయట ఇంకా పదిమంది తండ్రులు నిలబడి ఉండడం వల్లో, హెడ్మాస్టారు ఎర్ర పెన్ను తీసి 340 కొట్టేసి 360 అని రాశారు. నాన్న సంతకం పెట్టాడు. లూనా మీద ఇంటికి వెళ్తూ, "ఇరవై లాగేనురా. మిగతాది నీది," అన్నాడు. పరీక్ష సగం తనే రాసేసినంత సంతోషం. ఇంటికెళ్లాక అమ్మకి రెండు గడులూ చూపించి పాఠం చెప్పాడు. "ఇది ఆశ. దీన్ని నమ్మకు. ఇది అంచనా. దీన్నట్టుకో." అమ్మకి చదువు రాదు. ఆ పాఠం మాత్రం ఒక్కసారికే వచ్చేసింది. నాకు అలా ఏ పాఠమూ రాలేదు.

సంక్రాంతి తరవాత నాన్న కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. పసరు పోయించాం, పథ్యం పెట్టాం. పొట్ట ఉబ్బడం మొదలయ్యాక విశాఖ పెద్దాసుపత్రిలో చేర్చాం. కామెర్లు పైకి కనిపించేవేనని, లోపల కాలేయం ఎప్పుడో పాడైపోయిందని అక్కడ తేలింది. నాన్న జీవితంలో చుక్క ముట్టలేదు. ఆ సంగతి ప్రతి డాక్టరూ అడిగాడు. ప్రతి డాక్టరుకీ అమ్మ ఒట్టేసి చెప్పింది.

ఒక రోజు పెద్ద డాక్టరు రౌండ్లకి వచ్చి, "మందులు మార్చాం. ఉగాదికి నడిపించి ఇంటికి పంపాలని చూస్తున్నాం," అన్నాడు. వెళ్లిపోతుంటే అమ్మ వరండాలో ఎదురెళ్లింది. వెనకాల నేను.

"బాబూ, తమరు సెప్పింది ఆశా, అంచనానా?"

డాక్టరు నా వైపు చూశాడు. దుబాసీ పని నా మీద పడింది. "మా స్కూల్ కార్డులో రెండు గడులుంటాయండి," అని మొదలుపెట్టి మొత్తం వివరించాను. నా చదువు మా ఇంట్లో పనికొచ్చిన మొదటి సందర్భం అదే.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఆశే అమ్మా."

"మరి అంచనా?"

"ఎక్కువ రోజులు లేదమ్మా. నెల... నెల కూడా కష్టమే."

అప్పుడు మా అమ్మ, నాన్న హెడ్మాస్టారి గదిలో నిలబడినట్టే నిలబడింది. "మే నెల దాకా సెయ్యండి బాబూ. పిల్లోడి రిజల్టు సూసుకుంటాడు."

ఆయన పక్క వార్డు వైపు ఒక అడుగు వేశాడు.

"పోనీ, పరీచ్చలయ్యేదాకా."

డాక్టరు జేబులోనూ ఎర్ర పెన్ను ఉంది. దాని వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన తియ్యలేదు. "చూద్దామమ్మా," అన్నాడు. యార్డులో ఆ మాట చాలాసార్లు విన్నాను. 'చూద్దాం' అన్న వర్తకుడు పక్క కుప్ప దగ్గరికి వెళ్లిపోతాడు.

ఆ సాయంత్రం నాన్న అడిగాడు. "డాక్టరు నాకెంత కట్టేడ్రా?"

"ఉగాదికి ఇంటికన్నాడు నానా."

"అది ఆశ గడి కదేటి." నా వైపు తిరిగి, "నీదెంతకి ఖాయం సేసేను?" అన్నాడు.

"మూడొందల అరవై."

"అదట్టుకో," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పరీక్షలు రాకముందే పోయాడు. డాక్టరు అంచనా ఇంచుమించు సరిపోయింది. బాగా చదువుకున్న మనిషి.

తెలుగు మొదటి పేపరు రోజు హాల్ టికెట్టు ఫొటోలో నాకు ఒత్తుగా జుట్టుంది, బెంచీ మీద గుండు ఉంది. ఇన్విజిలేటరు రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"ఉప్మాక వెంకన్నకి మొక్కా? రిజల్టు వచ్చేక కదరా తీర్చాలి. ముందే ఇచ్చేసేవేటి?"

"అడ్వాన్సండి," అన్నాను.

గదంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను. తరవాత ప్రతిపదార్థం రాయడానికి కాగితం మీదికి వంగితే, తడిసిన చోట సిరా అలుక్కుపోయి ఇంకో కాగితం అడగాల్సి వచ్చింది.

మేలో మూడొందల యాభై రెండు వచ్చాయి. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"మీ నాన్న కట్టిందానికి ఎంత తగ్గింది?"

"ఎనిమిది."

"ఎనిమిదేనా!" అంది అమ్మ. "దానికి ఒప్పుకునీవోడులే. ఏ రోజు అడిగిన రేటొచ్చింది గనక?" అని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మాత్రం చాలాసేపు వెలిగించలేదు.

మర్నాడు నాకు చెప్పకుండా బస్టాండు దగ్గర షాపుకి వెళ్లి, ఎర్ర పెన్ను దిద్దిన ఆ ప్రోగ్రెస్ కార్డుకి లామినేషన్ చేయించింది. నాన్న చివరి సంతకం చెరిగిపోకూడదని. బడివాళ్లు మార్కుల మెమో ఇచ్చాక, అది వేరుగా ఎందుకుండాలని దానికీ చేయించింది.

ఇంటర్లో చేరడానికి వెళ్తే కాలేజీ గుమాస్తా మెమోని గోటితో గీకి చూసి వెనక్కిచ్చేశాడు. ఒరిజినల్ వెనకాల కాలేజీ సీలు వెయ్యాలట. ప్లాస్టిక్ మీద సీలు సిరా నిలవదు. కాబట్టి మార్కుల మెమోకి లామినేషన్ చేయించకూడదు.