పేరు చెప్పి కోసిన గుంటగలగరాకు

ఉదయం ఆరుంబావుకు ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు మరిచిపోవద్దు, అది చూపిస్తేనే డబ్బు కట్టక్కర్లేని జీరో టికెట్ ఇస్తారు. రాముడి దర్శనానికని ఇంట్లో చెప్పాను గానీ, చేతిలో ఉన్నవి రెండు ఖాళీ గుడ్డసంచులు. నేను వెళ్తున్నది గుంటగలగరాకు కోసం.

మా కుటుంబంలో పాతికేళ్లుగా తలనూనె కాచేది నేనే. ముదిగొండలో మా పొలం కాలువ గట్టున, తడిలో పాకే ఆ మొక్కను కోసుకొచ్చి, దంచి పసరు తీసి, నువ్వుల నూనెలో పోసి చిటపట ఆగేదాకా సన్నసెగ మీద కాచేదాన్ని. జుట్టు రాలుతోందన్నా, నిద్ర పట్టడం లేదన్నా చుట్టాలు నా సీసా కోసమే వచ్చేవాళ్లు. మూడేళ్ల కింద ఖమ్మంలోనే వేరే ఇంట్లో ఉండే మా తోడికోడలు పద్మ కూడా కాయడం మొదలుపెట్టింది. అంతే, నా సీసాలు అటక మీదే ఉండిపోయాయి. పోయిన నెల నా కడుపున పుట్టిన కూతురు, నా వంటింట్లోనే నిలబడి, ఆమెకు ఫోన్ చేసి "చిన్నమ్మా, నీ నూనె ఇంకో సీసా పంపవా?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వారమే పద్మ భర్త, అంటే మా మరిది, నోరు జారాడు. పద్మకు ఆకు దుమ్ముగూడెం దగ్గర ముత్తమ్మ అనే ఆమె మడుగు నుంచి వస్తుందట.

కొత్తగూడెంలో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. భర్త బొగ్గుబాయిలో పనిచేస్తాడట. మాటల్లో సంగతి చెప్పేశాను.

"గుంటగలగర కోసం గింత దూరమా? మీ ఖమ్మంల మురికి మోరీల పొంటి మస్తుగ ఉంటది గద!"

"ఉంటది. గానీ అది మా తోడికోడలు కోసే ఆకు కాదు గద."

ఆవిడ నా మొహంలోకి చూసి, "సమజైంది తియ్" అని పాల్వంచ దాకా నవ్వుతూనే ఉంది.

తొమ్మిదిన్నరకు గోదావరి వంతెన దాటాం. భద్రాచలం బస్టాండులో తెచ్చుకున్న ఇడ్లీలు తిని, టీ తాగి, చెప్పిన అబద్ధం కొంతైనా తగ్గుతుందని గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. పది గంటలకు దుమ్ముగూడెం షేరాటో దొరికింది. దిగాక వాగు వెంట అరగంట నడక.

ముత్తమ్మకు అరవై దాటి ఉంటాయి. మోచేతుల దాకా పచ్చబొట్లు. "గివి గూడ గీ ఆకు పసరుతోనే పొడిచిండ్రు" అంది. మడుగు అంచున బురదలో గుంటగలగర ఒత్తుగా పెరిగి ఉంది, చొక్కా గుండీలంత తెల్లటి పూలతో. చుట్టూ ఎక్కడా మిరపతోట లేదు. మా ముదిగొండ కాలువలోకి మిరపకు కొట్టిన మందునీళ్లన్నీ వస్తాయి. పద్మ గొప్పతనం చేతిలో కాదు, ఆకులో ఉందన్నమాట. సంతోషించాల్సింది పోయి, ఈ ఆకు ఆమెకే ఎందుకు దొరకాలని ఇంకా కుళ్లుకున్నాను.

ఆకు అడిగితే ముత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"లేదమ్మా. తక్కినదంత బర్రెలు తొక్కినయి. గీ ఇంత పద్మమ్మకని ఆపిన. మాటిచ్చిన."

"పద్మే పంపింది. నేను ఆమెకు అక్కను" అన్నాను. సిగ్గు కూడా వేయలేదు.

"గట్లనా? అయితే నువ్వే కొయ్యి. వేరు పీకకు, కొసలు తుంచు. ఎవరి తలకు పోతదో వాళ్ల పేరు చెప్పుకుంట కొయ్యాలె. మా అమ్మ గట్లనే నేర్పింది."

చీర ఎగదోపి మోకాలి లోతు బురదలో దిగాను. ఇన్నేళ్లలో ఆమెను నేను పేరు పెట్టి పిలిచింది లేదు. ఇంట్లో "ఆవిడ" అంటాను. "పద్మ" అని మొదటి కొస తుంచాను.

"ఇనవడ్తలేదు" అంది ముత్తమ్మ గట్టు మీంచి.

"పద్మ!" అన్నాను గట్టిగా. పద్మ, పద్మ, పద్మ. గంటన్నర అదే పని. నోరెండిపోయింది, పసరు అంటి వేళ్లు నల్లబడ్డాయి. ముళ్లకంప గీరుకుని కాలికి నెత్తురొస్తే ముత్తమ్మ నాలుగాకులు నలిపి అక్కడ అద్దింది. తర్వాత గిన్నెడు జావ ఇచ్చింది. సంచులను తడిగుడ్డలో చుట్టి, "ఇయ్యాల్నే దంచాలె, రేపటికి పనికిరాదు" అని సాగనంపింది. మీరు వెళ్లినా నాలాగే కార్తీకంలో, ఆకు ఒత్తుగా ఉన్నప్పుడే వెళ్లండి, తడిగుడ్డ తీసుకెళ్లండి.

భద్రాచలంలో నాలుగు గంటల బస్సు దొరికింది. ఒళ్లో సంచులు, మనసులో లెక్కలు. ఈ ఏడు నూనె నాది, పద్మ పొయ్యి చల్లారినట్టే. పాల్వంచ దాటుతుండగా ఫోన్ మోగింది. పద్మ.

"అక్కా, ముత్తమ్మ ఫోన్ చేసింది. మోకాలు వాచి నేను పోలేకపోయిన, ఈ ఏడు నూనె లేనట్టే అనుకున్న. నువ్వు బురదల దిగి, నా పేరు చెప్పుకుంట కోసినవట గద..." ముక్కు చీదుకుంది. "నా కోసం గిట్ల చేసేటోళ్లు ఎవరున్నరక్కా?"

సిగ్నల్ లేదని పెట్టేశాను. అప్పుడు కూడా, ఏడుపు ఈమెకు ఎంత సులువుగా వస్తుందో అని అసూయపడ్డాను. నాకు రాలేదు. కొత్తగూడెం దాటినా, చీకటి పడినా, నల్లటి వేళ్లకేసి చూస్తూ కూర్చున్నాను. చీర కొంగుతో ఎంత తుడిచినా ఆ నలుపు పోలేదు.

ఏడుంబావుకు ఖమ్మం దీపాలు కనిపించాయి. ఆకు రేపటిదాకా ఆగదు. నేనే ఫోన్ చేశాను.

"పద్మా" అన్నాను. పొద్దుటి నుంచి అలవాటైన పేరు కదా, తడబడకుండానే వచ్చింది. "రోలు కడిగి పెట్టు. ఆకు తీసుకుని మీ ఇంటికే వస్తున్న. కాచేది మాత్రం నేనే."