పువ్వు కోసం ఆపిన నీళ్లు

మా కాలేజీ మొక్కల షెడ్డులో అనాస కుటుంబానికి చెందిన కుండీ మొక్క ఒకటి ఉండేది. ఎవరో హైదరాబాద్ నర్సరీ నుంచి తెచ్చిచ్చారు. పేరు చీటీ దారిలోనే ఊడిపోయింది. ఆకుల మీద అడ్డంగా నల్లటి చారలు, మధ్యలో గిన్నెలాంటి గుంట, అందులో ఎప్పుడూ నీళ్లు. అది వ్రీసియా అనే ప్రజాతిదో టిలాండ్సియా అనే ప్రజాతిదో ఆకు చూసి తేల్చలేకపోయాను. బోటనీ చెప్పేదాన్ని, నాకది నామోషీ. పూరేకుల మొదట్లో చిన్న పొలుసులుంటే వ్రీసియా, లేకపోతే టిలాండ్సియా. నేను చదువుకున్నది అదే. అందుకే పువ్వు కోసం చూస్తున్నాను.

షెడ్డు చూసే మాలి వర్ధన్నపేట నుంచి పొద్దున్నే బస్సులో వచ్చేవాడు. కాకా అని పిలిచేదాన్ని. వానాకాలంలో ఒకరోజు నన్ను పిలిచి చూపించాడు.

"మేడం, దీంట్ల దోమ పిల్లలు తిరుగుతానయ్. వంచి పారబోస్త."

"వద్దు కాకా, కంకి వస్తాంది. ఇప్పుడు కదిలిస్తే పాడైతది. పూసినంక చూద్దాం."

"మీ ఇష్టం" అన్నాడు.

కుండీని వంచకుండానే గుంటలో కొత్త నీళ్లు పోసి, పాతవి పొర్లిపోయేలా కడగొచ్చు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

రెండు వారాలకు అతనికి జ్వరం తగిలింది. మూడు రోజులు గోళీలు మింగుతూ పనికొచ్చాడు, నాలుగోనాడు రాలేదు. నేను దవాఖానకు వెళ్లేసరికి డెంగీ అన్నారు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు. నన్ను చూసి లేవబోయాడు.

"పూసిందా మేడం?"

ఇంకా లేదన్నాను. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

వాళ్ల ఊళ్లోనూ అప్పుడు డెంగీ ఉంది, ఏ దోమ కుట్టిందో ఎవరు చెప్పగలరని మావారు చాలాసార్లు అన్నారు. నిజమే. అయినా నాకు నిద్ర పట్టేది కాదు.

అతని దినాలు కాకముందే కంకి పూసింది. ఒక పువ్వు కోసి లెన్స్ కింద పెట్టాను. పొలుసులున్నాయి. వ్రీసియా అని చీటీ రాశాను. తర్వాత కొత్త పరిశోధనలు చదివితే తెలిసింది, ఆ పొలుసులను నమ్ముకోలేమని. జన్యువులు చూసి ఆ ప్రజాతిని అప్పటికే విడగొట్టారు. మా చారల మొక్కను వేరే పేరు కిందికి మార్చి కూడా ఏళ్లయింది. పువ్వు కోసం ఆగాల్సిన పనే లేదు.

షెడ్డులో మిగిలిన అతని చొక్కా, టిఫిన్ డబ్బా తీసుకుపోవడానికి భార్య వచ్చింది. ఆమెను కూర్చోబెట్టి, ఆ నీళ్లు పారబోయవద్దన్నది నేనేనని చెప్పాను.

"ఎరికే మేడం. ఆయన ఆ దినమే చెప్పిండు" అంది.

చొక్కా, డబ్బా సంచిలో పెట్టుకుని, బస్సు పోతదని లేచి వెళ్లిపోయింది.