రాక్షసుడి సగం ముక్కు

బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే ఈ ఉదయం మళ్ళీ అది తగిలింది. చల్లగా, గరుకుగా, పిడికెడు ఎర్రమట్టి ముద్ద. అది బయటపడినప్పుడల్లా మా ఆయన పారేయమంటాడు. ఎలా పారేయను? అది ఒక రాక్షసుడి ముక్కు, అందులోనూ సగమే. దాన్ని నాకు అంటగట్టినవాడు పాకాలలో కేబుల్ టీవీ నడిపిన మునిరత్నం అన్న, నా మొదటి యజమాని. ఆయన దగ్గర పనిచేసినంత కాలం నేను పళ్ళు కొరుక్కోని రోజు లేదు.

ఇళ్ళకు కేబుల్ వచ్చిన కొత్త రోజులవి. మధ్యాహ్నం కాగానే మునిరత్నం అన్న తన లోకల్ ఛానల్లో ఒక రాక్షస సినిమా వేసేవాడు. ఎక్కడో విదేశాల్లో టీవీ కోసం చవగ్గా చుట్టేసి, తెలుగు మాటలు అతికించిన సరుకు. ఒకరోజు రబ్బరు మొసలి, ఒకరోజు ఎనిమిది కాళ్ళలో మూడే కదిలే సాలీడు. నేను కంప్యూటర్ మీద ఎడిటింగ్ నేర్చుకుని చేరాను. చేసే పని మాత్రం ఫోనెత్తి "సాయంత్రం మళ్ళీ వేస్తామండీ" అని చెప్పడం. అంతమంది అడిగేవారు మరి!

"ఏంది అన్నా ఈ ఖర్మ? ఆ మొసలి వీపు మీద జిప్పు కనపడతా ఉండాది," అన్నాను ఓసారి.

"కనపడతాదనే గదా పాపా జనం సూసేది. నిజంగా బయపెట్టేటివి ఇండ్లల్లోనే శానా ఉండాయి. ఈడ జిప్పు కనిపిస్తే, ఓస్, దీన్ని మనమే కొట్టేయొచ్చు అనుకుంటారు."

మళ్ళీ ఫోను మోగింది. పళ్ళు కొరుక్కుంటూ ఎత్తాను.

ఆయన అంతటితో ఆగితే బాగుండేది. తనే ఒక రాక్షస సినిమా తీస్తానని బయలుదేరాడు. "నువ్వే కోసి అతికించు. తిరుపతిలో ఛానలోళ్ళకు సూపించు. ఉద్యోగం రాకుంటే నన్నడుగు," అన్నాడు. నాకు నిజంగానే ఆశ పుట్టింది. నగరిలో మా నాయన మరమగ్గాలు నడిపేవాడు. దసరాలోగా సరైన ఉద్యోగం చూసుకోకపోతే వచ్చి మగ్గాల దగ్గర నిలబడమని ఖరాఖండిగా చెప్పేశాడు. ఆ చప్పుడులోకి తిరిగి వెళ్ళడమంటే నాకు ప్రాణం పోయినట్టే. నా బతుకంతా ఆ సినిమా మీద పెట్టుకున్నాను.

రాక్షసుణ్ణి చెయ్యడానికి అన్న చెంగల్రాయుణ్ణి పిలిపించాడు. మా వైపు తిరునాళ్ళ కడపటి రోజు మైదానంలో ఒక పెద్ద మట్టి రాక్షసుణ్ణి పడుకోబెట్టి, కొట్టి చంపుతారు. ఆ బొమ్మలు చేసేది ఈయనే. నేను వెళ్ళేసరికి పాకాల బయట బీడులో మా రాక్షసుడు సిద్ధంగా ఉన్నాడు, వెల్లకిలా పడుకుని.

"లేపి నిలబెట్టేది మాకు రాదు సామీ. మా తాత కాలం నుంచీ పండుకోనే ఉండాడు," అన్నాడు చెంగల్రాయుడు.

"పండుకోనీలే. ఎప్పుడు లేస్తాడో అని జనం బయపడతారు," అన్నాడు అన్న.

"సినిమా అంతా వాడు పండుకుంటే, సూసేవాళ్ళూ పండుకుంటారన్నా!" నేను నెత్తి కొట్టుకున్నాను.

అలాగే తీశాం. రాక్షసుణ్ణి చంపే దృశ్యం ఒక్కటే మిగిలింది. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే వాడికి ముక్కు లేదు, కాలివేళ్ళు లేవు. ఊరి ఆడవాళ్ళు తట్టలతో చుట్టూ చేరి ఉన్నారు. తిరునాళ్ళలో చచ్చిన రాక్షసుడి మట్టిని ధాన్యంలో వేసుకుంటే ఆ ఇంట్లో కొరత ఉండదని నమ్మకం. వీళ్ళకు సినిమా అయినా తిరునాళ్ళయినా ఒకటే.

"వాడింకా సావలేదవ్వా!" అని ఒక ముసలమ్మ మీద అరిచాను.

"సస్తాడు గదమ్మా. సచ్చినాక వస్తే తోపులాటలో నాకేం దొరకతాది?" అంది ఆమె, చెవి ఊడబెరుకుతూ.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నా ఉద్యోగం తట్టలకెక్కి వెళ్ళిపోతోంది. మునిరత్నం అన్న వాళ్ళను తరుముతాడనుకున్నాను. ఆయన కెమెరాను వాళ్ళ మీదికి తిప్పాడు. "ఎత్తుకోండమ్మా, బాగా ఎత్తుకోండి!" అన్నాడు. మధ్యాహ్నానికి బీడులో తడి మచ్చ తప్ప ఏమీ మిగల్లేదు. అదే మా పతాక సన్నివేశం.

తిరుపతిలో ఛానల్ పెద్దమనిషి సినిమా మొదట్లోనే ఆవలించాడు. ఇక మగ్గాలే గతి అనుకున్నాను. ఆడవాళ్ళు రాక్షసుణ్ణి ముక్కలు చేసి నెత్తిన పెట్టుకుని, నవ్వుకుంటూ నడిచిపోయే దృశ్యం రాగానే మాత్రం ఆయన నిటారుగా కూర్చున్నాడు. "వీళ్ళకు ఇంత బాగా నేర్పించిందెవరు?" అన్నాడు. ఎవరని చెప్పను? సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు. నెలల తరబడి నేను నేర్చిన విద్యకు కాదు, ముక్కు దొంగలకు వచ్చిందా ఉద్యోగం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బయలుదేరేటప్పుడు మునిరత్నం అన్న బస్టాండుకొచ్చి ఈ ముద్ద చేతిలో పెట్టాడు. "ముక్కెత్తుకున్న అవ్వను బతిమాలినా. సగమే ఇచ్చింది. బియ్యంలో ఏసుకో పాపా."

ఇప్పుడు కంప్యూటర్లో రాక్షసుల్ని గీసే చోట పనిచేస్తున్నాను. మా రాక్షసులకు జిప్పు ఉండదు, ఒంటి మీద ప్రతి వెంట్రుకా విడిగా కదులుతుంది. జనం చూసి, లేచి వెళ్ళిపోతారు. చావకముందే తట్ట పట్టుకుని ఎవరూ రారు. ఈ మాట చెప్పి పోట్లాడదామంటే మునిరత్నం అన్న లేడు. దానికి మాత్రం ఆయనను క్షమించలేను.

ముద్దను తుడిచి మళ్ళీ బియ్యం అడుగున పెట్టాను. ఇన్నేళ్ళలో ఆ డబ్బా ఒక్కసారీ ఖాళీ కాలేదు. అదే నా ఒళ్ళుమంట.