ఊసరవెల్లికి నీళ్లు తాపిన వేసవి

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి పెద్దమ్మ. సోలాపూర్ నీలం నగర్‌లో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆమె మా గడప అవతలే నిలబడి కేకేసింది.

"ఓ పిల్లా, జల్దీ రా! మీ వదిన యాపచెట్టు కింద సరడాను ఒళ్లె వెట్టుకొని కూసున్నది. దిమాక్ గిన ఖరాబైందేమొ సూడు!"

తొండనూ ఊసరవెల్లినీ మేం సరడా అనే అంటాం. ఆ మాట మరాఠీ వాళ్ల దగ్గర నేర్చుకున్నాం. చేతులు తుడుచుకుంటూ పరుగెత్తాను. కరెంటు తీగలకు తగులుతున్నాయని లైను మనుషులు పొద్దున్నే వేపకొమ్మలు నరికిపోయారు. వాటితోపాటు జానెడు ఊసరవెల్లి కింద పడింది. వెనక కాలు ఒకటి ఈడుస్తోంది. గల్లీ పిల్లలు రాళ్లు ఎత్తేసరికి వదిన దానిపక్కన కూలబడి చీర కొంగు కప్పిందట. ఇక ఆమెను దాటి ఎవరు విసురుతారు?

"ఇంటికి తీస్కపోదామె. కాలు మానినంక మళ్ల చెట్టెక్కిద్దాం," అంది నన్ను చూసి.

"ఇంట్ల సరడానా!" పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది. "మీద పడ్తె తల మీంచి తానం చెయ్యాలె, ఎర్కలేదా?"

"చేస్త తియ్యి పెద్దమ్మా. నన్ను తాగనియ్యరు గని, పోసుకోనిస్తరు గద!"

ఆ మాటకు పెద్దమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. వదిన నా భర్తకు అక్క. చిన్నతనంలోనే తల్లి పోతే, బీడీలు చుట్టి తమ్ముణ్ణి పెంచింది. మూడేళ్ల కిందట ఆమె కిడ్నీలు రెండూ పాడయ్యాయి. అప్పటినుంచి వారానికి రెండుసార్లు అశోక్ చౌక్ దాకా నడిచి, అక్కడ షేర్ రిక్షా ఎక్కి, డయాలసిస్‌కు పోయి వస్తున్నాం. రోజుకు మూడు చిన్న గ్లాసుల నీళ్లే తాగాలని డాక్టరు చెప్పారు. చాయ్ తాగితే అదీ అందులోదే. సోలాపూర్ ఎండల్లో ఆమె నోట్లో ఒక లవంగం పెట్టుకుని పగలంతా గడుపుతుంది. నీళ్లకుండ దగ్గర కాపలా నాది. దేవుడు నాకు ఎన్నో ఇచ్చాడు, అన్నింటికీ దండం పెట్టాను. ఈ కాపలా ఒక్కటే నా చేతికి ఎందుకిచ్చాడో ఇప్పటికీ అర్థం కాలేదు.

సరడా రావడానికి పది రోజుల ముందు వదిన, "ఇగ బస్. నేను రాను మిషిన్ కాడికి," అనేసింది. రెండుసార్లు బతిమాలి తీసుకుపోయాను. సరడా వచ్చిన రోజు మాత్రం దానికో బుట్ట సర్దుతూ తనంతట తానే అంది: "దీని కాలు మానేదాక వస్త. మధ్యల నేను పోతె దీన్నెవరు సూస్తరు?"

ఆ ఒక్క మాటకు దేవుడి గూడు ముందు సాష్టాంగపడ్డాను. ఆ ఊసరవెల్లి బతకాలి. అది బతికున్నన్నాళ్లూ వదిన రిక్షా ఎక్కుతుంది. నాకు తెలిసింది అంతే.

నేను బడికి పోలేదు. మా అమ్మ బీడీల చాట పక్కన పలక పెట్టి అక్షరాలు దిద్దించింది. మిగతాదంతా మా చేతులు నేర్పాయి. ఊసరవెల్లికి నీళ్లు ఎలా పట్టాలో మాకు తెలియదు కానీ, ఆకుకు ఎలా పట్టాలో బాగా తెలుసు. బీడీలు చుట్టే తునికాకు మా దగ్గరికి వచ్చేటప్పుడు ముట్టుకుంటే పెళపెళలాడుతుంది. కట్టను నీళ్లలో ముంచి తడి గోనెపట్టలో చుట్టి పెడితే, తెల్లారేసరికి చంటిపిల్ల చర్మంలా మెత్తబడుతుంది. నీళ్లు ఒంటిలోకి అలా పైనుంచే దిగుతాయని మా ఇద్దరి నమ్మకం. అందుకే వెదురుబుట్టలో తడి గోనె పరిచి, మీద వేపకొమ్మ పెట్టి, పైన దోమతెర కట్టాం. ఒక మూల స్టీలు గిన్నెలో నీళ్లు. రోజుకు నాలుగుసార్లు గోనె తడిపేదాన్ని.

"నల్లా అయిదొద్దులకోపారి వస్తది. మనకే దిక్కులేదు, సరడాకు తడి పరుపా?" అన్నాడు నా భర్త. అన్నవాడే మగ్గాల కార్ఖానాలో లైటు కింద వాలిన మిడతలను అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చేవాడు.

మొదట్లో అది మిడతలను నాలుక చాచి లాక్కుంది. వదిన చప్పట్లు కొట్టింది. నాలుగో రోజు తిండి మానేసింది. ఆరో రోజుకు గుండ్రంగా పొంగి తిరిగే కళ్లు గుంటల్లోకి దిగాయి. పక్కటెముకల మీద తోలు, పిండి పారేసిన తువాలలా ముడతలు పడింది. గిన్నెలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉండి పైన దుమ్ము తేలింది. దాని రెట్టలో తెల్లగా ఉండాల్సిన ముక్క నారింజ రంగుకు తిరిగింది. అది ముందుగా చూసింది వదినే.

"నీళ్లు సాల్తలేవే దీనికి. నాకు తెలుస్తది గద," అంది.

నేను గోనెను ఇంకా ఎక్కువ తడిపాను.

తొమ్మిదో రోజు శుక్రవారం. బుట్ట కడుగుదామని దాన్ని తీసి తులసికోట మీద వదిలాను. స్నానం చేసి వచ్చి తులసమ్మకు చెంబుతో నీళ్లు పోశాను, చేత్తో నాలుగు చల్లులు ఆకుల మీద చల్లాను. ఆకు కొసల్లో చుక్కలు వేలాడి వణికాయి. ఊసరవెల్లి ఒక కన్ను అటు తిప్పింది. మెల్లగా మెడ చాచి, నోరు తెరిచి, చుక్కను నాకింది. ఆ తర్వాత పక్క ఆకు. గొంతు కింద తోలు ఎగిసి పడుతోంది.

"వదినా!"

వచ్చి నా పక్కన కూర్చుంది. నేను చల్లుతూ పోయాను, అది ఆకు తర్వాత ఆకు తాగుతూ పోయింది. అది మింగినప్పుడల్లా వదిన కూడా గుటక వేసింది. నేను కుండవైపు చూడకుండా తల వంచుకున్నాను.

వదిన అంది: "గిన్నెల నీళ్లు దానికి నీళ్ల లెక్కనే కనవడలేదే. కదిలే సుక్కనే సూస్తది. మనం దీన్ని ఆకు అనుకొని తడిపినం, పిచ్చిమొకాలోళ్లం. ఇది ఆకు గాదె. ఆకు మీద బతికేది."

మరుసటి డయాలసిస్ రోజున వదిన అక్కడి నర్సమ్మను అడిగి, ఇంకా వాడని సెలైన్ గొట్టం ఒకటి తెచ్చింది. బాటిల్‌లో నీళ్లు నింపి మేకుకు వేలాడదీసి, గొట్టానికున్న చిన్న చక్రం తిప్పి, వేపాకుల మీద చుక్కచుక్కా పడేలా చేసింది. ఎంత వేగంగా పడాలో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు దానిముందే కూర్చునేది. పక్కింటి పెద్దమ్మ తొంగిచూసి, "ఏందే, సరడాను గూడ దవాఖాన్ల శరీకు చేసినవా?" అంటే, "అవు, నా పక్క పలంగే," అంది.

అది తాగేది. పొద్దున కళ్లు పొంగేవి, సాయంత్రానికి మళ్లీ దిగిపోయేవి. మిడత ముక్కు దగ్గరికి వచ్చినా నాలుక కదలలేదు. చివరికి బుట్ట ఎత్తుకుని పశువుల దవాఖానాకు పోయాం. అక్కడి డాక్టరు పెద్దమనిషి. ముందు మరాఠీలో కోప్పడ్డాడు: ఇది అడవి ప్రాణి, ఇంట్లో పెట్టుకోకూడదు, దొరికిన రోజే అటవీశాఖ వాళ్లకు చెప్పాల్సింది. మాకు ఆ సంగతి తెలియదు. తర్వాత దాని కళ్లు, తోలు, రెట్ట చూసి, వదినను పిన్నీ అన్నట్టు మావ్‌శీ అని పిలుస్తూ గొంతు తగ్గించాడు. చాలా రోజులు లోపలికి నీళ్లు పోలేదు మావ్‌శీ, దీని కిడ్నీలు పోయాయి, నీళ్లు చల్లుతూ ఉండండి, అంతకుమించి ఏమీ లేదు అన్నాడు.

వదిన ఆయన ముఖంలోకి చూసి నవ్వి, తెలుగులోనే అంది. "దీనిక్కూడనా? దీనికి మిషిన్ గూడ లేదు గద సార్."

డాక్టరుకు చూపించిన మూడో రోజు మిట్టమధ్యాహ్నం వెళ్లి చూస్తే, కొమ్మను పట్టుకునే ఉంది. చుక్కలు దాని వీపు మీద పడి ముక్కు చివరిదాకా జారి కింద రాలుతున్నాయి. నోరు తెరవలేదు. వదిన దాని కాలివేళ్లను కొమ్మనుంచి ఒక్కొక్కటే విడదీసింది. "చక్రం బంద్ చెయ్యి. నీళ్లు పోతున్నయ్," అంది నాతో.

తప్పు నాదే అన్నాను. నాలుగు పూటలా గోనె తడిపింది నేను. తొమ్మిది రోజులు ఒక్కసారైనా పక్కన కూర్చుని, ఇది ఎలా తాగుతుందని చూడలేదు. వదిన, "నీ చేతులైతేంది, నావైతేంది. ఒక్క పనే నేర్సినయ్," అంది.

తర్వాతి డయాలసిస్ రోజు సంచీ సర్ది నిలబడ్డాను. ఆమె చాప మీంచి లేవలేదు.

"కాలు మానేదాక అన్న. మానలె గద."

"నాకోసం రా వదినా."

"నీకేం పని నాతోని?"

"నేను కట్టిన బీడీల దారం ఊసిపోతదని నువ్వే అంటవ్. మళ్ల కట్టెటోళ్లు ఎవరున్నరు?" అన్నాను. నోటికి వచ్చింది అదే.

"లుచ్చిదానా," అని తిట్టి లేచింది. అప్పటినుంచి వస్తోంది. అందుకు నేను దేవుడికి రోజూ దండం పెడుతున్నాను.

కానీ ఇప్పుడు కుండకు కాపలా అవసరం లేకుండా పోయింది. మూడో గ్లాసు ఆమె అడగడం లేదు. ఇస్తే పక్కన పెడుతుంది, అది అలాగే ఉండిపోతుంది. ఒంట్లో నీరు చేరక బరువు పెరగలేదని డాక్టరు మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం భయంగా ఉంది. దాహం వేయడం లేదా అని అడిగితే, "ఏస్తది. జానేదో, పోనియ్," అంటుంది. ఒక రోజు నేను ఎంత లాగినా ఆమె లేవదు. ఆ రోజు దూరంలో లేదని నాకు తెలుసు. ఆపగల మాటేదీ నా దగ్గర లేదు.

ఇది చదివిన మీరు దేవుణ్ణి నమ్మేవారైతే, ఈరోజు ఆయన ముందు నిలబడినప్పుడు మా వదినను ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. సోలాపూర్‌లో బీడీలు చుట్టి తమ్ముణ్ణి పెంచిన అక్క అంటే ఆయనకు తెలుస్తుంది. బాగుచేయమని అడగమనడం లేదు, అది నేను ఎప్పుడో అడిగేశాను. మూడో గ్లాసు తాగాలన్న కోరిక ఆమెకు మళ్లీ పుట్టాలని, అది ఒక్కటి అడగండి.