చింత మానేసిన గురునాథరావు

గురునాథరావుకి కడుపులో మంట అన్న సంగతి స్మృతి నగర్ వీధి కుక్కలకి కూడా తెలుసు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఆయన తేన్చితే పాలవాడి సైకిలు పక్కకి ఒరిగిపోయేది.

ఉద్యోగమంతా ఈ హిందీ ఊళ్ళోనే, స్టీలు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు ముందే చేశాడు. కరిగిన ఇనుము కాలవలా పారుతుంటే ఒడ్డున కూర్చుని టిఫిను తిన్నానని చెప్పుకుంటాడు. రిటైరయ్యాక ఆ కాలవ ఏడాదికేడాది వెడల్పవుతూ ఇప్పుడు గోదారంత అయింది. "నా ఒళ్ళు ఉక్కురా! టెన్షనూ గాబరా అన్నీ ఏసీలో కూసున్నోళ్ళకి" అని కనబడినవాడినల్లా ఆపి చెప్పేవాడు.

ఆ ఉక్కు ఒళ్ళు ఒక్క మైకు దెబ్బకి తుప్పు పట్టింది.

వెనక వీధిలో ఉండే మనోహర్ ఆయన చేతి కింద పని నేర్చుకున్నవాడే. మొన్న వేసవిలో రిటైరైతే తెలుగువాళ్ళంతా కలిసి సన్మానం చేశారు. గురునాథరావు గంజి పెట్టిన చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మనోహర్ మైకు పట్టుకుని ఆఫీసర్లకి, క్యాంటీనువాడికి, ఆఖరికి షామియానా కట్టినవాడికి కూడా దండాలు పెట్టాడు. ఇక తన పేరేనని గురునాథరావు కుర్చీలోంచి సగం లేచాడు. మనోహర్ మైకు పక్కవాడి చేతికిచ్చేశాడు. సగం లేచినాయన చొక్కా దులుపుకుంటున్నట్టు నటించి మళ్ళీ కూలబడ్డాడు. ఆ సాయంత్రమే కడుపులో మంట మొదలైంది. మనోహర్‌తో మాట ఆగిపోయింది.

ఈ రెండింటికీ సంబంధం ఉందని వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆయన మాత్రం గ్యాస్ అన్నాడు. వాము నీళ్ళు, జీలకర్ర నీళ్ళు చెరువులు ఎండేలా తాగాడు. నిద్ర పోయింది, ఆకలి పోయింది, చొక్కా వదులైంది. దుర్గ్ వెళ్ళి స్కానింగు కూడా తీయించుకున్నాడు. అంతా నార్మల్ అన్నారు. మనిషికి అంతకంటే అవమానం ఉంటుందా!

చివరికి భార్య పోలమ్మ ఒక డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ కాగితాలన్నీ తిరగేసి, "అంకల్‌జీ, చింతా ఛోడియే. చింతా సే హీ పేట్ మే యాసిడ్ బన్‌తా హై" అంది. మనసులో దిగులు వదిలెయ్యండి, దానివల్లే కడుపులో యాసిడ్ పుడుతోంది అని.

పోలమ్మకి చింత అన్న మాట వినబడింది, యాసిడ్ అన్న మాట వినబడింది. అంతే, బుర్రలో దీపం వెలిగిపోయింది. వాళ్ళింటికి చింతపండు ఏటా సొంతూరు టెక్కలి నుంచి రైలెక్కి వస్తుంది కాబట్టి, దాన్ని హిందీలో ఇమ్లీ అంటారని తెలుసుకునే అవసరం ఆమెకి ఇన్నేళ్ళలో పడలేదు.

"పూరా బంద్, మేడమ్?" అని అడిగింది.

"హా మాతాజీ, పూరా బంద్!"

"సూసినారేటండీ! రోజూ పులుసు, పులుసని పేనం తీసీవోరు. అదే మిమ్మల్ని తినీసింది!"

హిందీలో తిట్టి హిందీలో తిట్లు తిన్న గురునాథరావుకి డాక్టరమ్మ మాట అర్థం కాకేం? శుభ్రంగా అర్థమైంది. కానీ దిగులని ఒప్పుకుంటే, ఏం దిగులని అడుగుతారు. మైకులో నా పేరు చదవలేదని చెప్పాలి. దానికంటే చింతపండే గౌరవమైన రోగం. అవునవునని తలూపాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో పులుసు లేదు, పులిహోర లేదు. చారులో నిమ్మకాయ. మంట తగ్గకపోగా రెట్టింపైంది.

"ఇంకా మంటేటండీ? మీ కడుపులో ఎక్కడో చింత మిగిలిపోనాది" అనేది పోలమ్మ. ఆయన ఉలిక్కిపడి గోడకేసి చూసేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మనోహర్ ఇంట్లోంచి చేపల పులుసు వాసన గోడ దూకి వచ్చింది. పోలమ్మ కునుకు తీస్తోంది. కరిగిన ఇనుముకి చలించనాయన చెప్పులు కూడా వేసుకోకుండా వెనక వీధికి వెళ్ళిపోయాడు.

గేటు దగ్గరే మనోహర్. "ఏటన్నా, దారి తప్పీసినావా?"

"మీ ఇంట్లోంచి పొగొస్తంటే సూద్దామని వచ్చినాను."

"పొగ కాదు, పులుసు. నీకు బంద్ అంట కదా? వదిన వీధంతా సెప్తంది. నిజం సెప్పన్నా, డాక్టరమ్మ ఇమ్లీ అందా, చింతా అందా?"

గురునాథరావు గేటు తుప్పు గోటితో గీకాడు. "చింతా అంది."

"మరేటి నీ చింత?"

"మైకులో నా పేరెందుకు సెప్పలేదురా, ఎదవా?" అరిచాడో, ఏడ్చాడో, పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి.

మనోహర్ నేల చూశాడు. "నీ పేరు కాడికొచ్చీసరికి గొంతు పట్టీసిందన్నా. అందరి ముందూ ఏడిసీస్తానేమోనని మైకు ఇచ్చీసినాను. ఆనక సెప్దారంటే నువ్వు మొకమే సూపించలేదు."

ఒకడికి గొంతు పట్టేసింది, ఇంకొకడికి కడుపు కాలిపోయింది. ఇద్దరూ ఉక్కు మనుషులే మరి!

మనోహర్ భార్య హేమమాలిని ఆకేసింది. గురునాథరావు పులుసు గిన్నె కడగక్కర్లేకుండా తిన్నాడు. అక్కడే కుర్చీలో పడుకుని, వీధి రేకులు లేచిపోయేలా గురక పెట్టాడు. లేచేసరికి మంట లేదు.

ఇంటికొస్తే గుమ్మంలో పోలమ్మ. "మూతికి పులుసేటి? సంపుకుంటారేటి ఒంటిని?"

"నీకేటి తెల్దు, ఉండు! మనోహర్‌గాడింట్లో పాత చింతపండు. యాసిడ్డంతా కొత్తదాన్లోనే ఉంటాది" అన్నాడు ఉక్కు మనిషి.

పోలమ్మ నమ్మింది. ఇప్పుడు వాళ్ళింట్లో నల్లటి పాత చింతపండు తప్ప వాడరు. సాయంత్రాలు మనోహర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, కడుపుమంటకి పాత చింతపండు ఎంత మంచిదో గురునాథరావు కాలనీకంతా చెబుతున్నాడు. ఎవరైనా దిగులుగా ఉందంటే మాత్రం పకపకా నవ్వుతాడు.

"అలాంటియన్నీ మెత్తటోళ్ళకి బాబూ!"

మనోహర్ దగ్గుతాడు. ఈయన టాపిక్ మార్చి ఇనుప కాలవలోకి దూకుతాడు.